కర్ణాటక స్వరలిపిని ఏ ఫైలులో దాచుకోవాలి?

కర్ణాటక సంగీతంలోని వర్ణాలు, కృతుల స్వరలిపిని, అంటే స్వరాలు రాసుకునే లిపిని, కంప్యూటర్‌లో ఏ రూపంలో దాచాలి, మనకు వేరే ప్రమాణం అవసరమా అని అడిగారు. అమలాపురంలో వయొలిన్ నేర్పుతున్న నాకు ఈ విషయంలో రెండు దెబ్బలు తగిలాయి.

1996 నవంబరు తుపానులో మా గురువుగారి నోటు పుస్తకాలు తడిసి సిరా అలుక్కుపోయింది. మిగిలినవాటిని కొన్నేళ్లకు కంప్యూటర్‌లోకి ఎక్కించాను, యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షర సంకేతాలు) కాని ఒక పాత ఫాంటుతో. పై స్థాయి స్వరమని చెప్పడానికి అక్షరం మీద పెట్టే తారస్థాయి చుక్కను విడిగా పెట్టి, అక్షరం మీదికి జరిపేవాడిని. కొత్త కంప్యూటర్‌లో తెరిచేసరికి చుక్కలన్నీ పక్కకు జరిగాయి. తారస్థాయి షడ్జం కిందికి దిగింది, పక్కనున్న నిషాదం పైకెక్కింది. తడిసిన పేజీలో పోయింది పోయినట్టు తెలుస్తుంది. ఇక్కడ తప్పు ఒప్పులాగే కనబడింది.

అందుకే చెబుతున్నాను, ఫైలు దాచవలసింది స్వరం రూపాన్ని కాదు, అది ఏ స్వరమన్న సంగతిని. స్వరలిపిని దాచే ఫైలు ప్రమాణమైన మ్యూజిక్‌ఎక్స్ఎంఎల్ చేసేది అదే. 2004లో తొలి వెర్షన్ వచ్చింది. 2015 నుంచి వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియంలోని సముదాయ బృందం చూస్తోంది. 2021లో 4.0 వచ్చింది. స్వరం పేరు, దాని హెచ్చుతగ్గు, స్థాయి, కాలం అన్నీ అందులో వేర్వేరు అరల్లో ఉంటాయి. స్వరలిపి రాసే సాఫ్ట్‌వేర్ మ్యూజ్‌స్కోర్‌లో రాసినదాన్ని మరో సాఫ్ట్‌వేర్ చదవగలిగేది అందువల్లే.

అయితే అది పాశ్చాత్య స్వరలిపి కోసం పుట్టింది. మన ‘స’ ఎవరి శ్రుతిలో వారిది. భైరవి రాగం ఆరోహణలో చతుశ్రుతి ధైవతం, అవరోహణలో దానికంటే తగ్గు స్వరమైన శుద్ధ ధైవతం. కాగితం మీద రెండూ ‘ద’యే. పాడేవారికి రాగం తెలుసు, కంప్యూటర్‌కు తెలియదు. ఇక గమకాలు, అంటే స్వరాన్ని ఊపడం, జార్చడం లాంటివి. సుబ్బరామ దీక్షితులు 1904లో తెలుగు లిపిలో అచ్చయిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’లో కంపితానికి, జారుకు, నొక్కుకు వేర్వేరు గుర్తులు ఇచ్చారు. మనకు ప్రమాణం తప్పక కావాలి, దాన్ని ఆ గుర్తుల నుంచే మొదలుపెట్టాలి.

అది వచ్చేదాకా నేను యూనికోడ్ తెలుగులో సాదా టెక్స్టుగా రాస్తున్నాను. రాగం, తాళం మొదటి వరుసలో. చుక్కలు లేవు. తారస్థాయికి కూడిక గుర్తు, కింది స్థాయి అయిన మంద్రానికి తీసివేత గుర్తు, స్వరస్థానానికి ద1 (శుద్ధ), ద2 (చతుశ్రుతి) అని అంకె. ఈ గుర్తుల అర్థం కూడా అదే ఫైలులో పైన ఉంటుంది. చేతిరాత పేజీల ఫొటోలు తీసి పక్కనే పెట్టుకోండి. జరిగిన నా చుక్కలను ఎక్కడికక్కడ సరిచేసుకోగలిగింది, అప్పట్లో ముద్రించి బీరువాలో పెట్టిన కాగితాలు చూసే.