రాత్రి ఇరవై పిల్లలు, పొద్దునకి మూడే

ప్రశ్న: అన్నా, మాది కావలి. పిల్లోడు గోల చేస్తే సంక్రాంతికి నాలుగు గప్పీ చేపలు తెచ్చి 20 లీటర్ల తొట్లో వేశాం. కుళాయి నీళ్ళు పడవేమో అని మేం తాగే క్యాన్ నీళ్ళే పోస్తా ఉండాం. వాటిలో ఒకటి మొన్న రాత్రి ఇరవైకి పైనే పిల్లలు పెట్టింది, పొద్దున లేచి చూస్తే మూడే ఉండాయి. రెండోది కూడా పొట్టతో ఉంటే షాపులో ఇచ్చిన ప్లాస్టిక్ డబ్బాలో వేశాం, రెండు రోజులకి చచ్చిపోయింది, పిల్లోడు ఒకటే ఏడుపు. మిగతావి కూడా ఒకచోటే నిలబడి వణుకుతా ఉండాయి. మేమేం తప్పు చేశాం?

జవాబు: అమ్మా, పిల్లల సంగతి తర్వాత చెప్తా, ముందు ఆ క్యాన్ పక్కన పెట్టండి. అది మనం తాగడానికి ఉప్పులన్నీ తీసేసిన నీళ్ళు. గప్పీ, మోలీ, ప్లాటీ, స్వార్డ్‌టెయిల్, ఈ పిల్లలు పెట్టే జాతులన్నిటికీ నీళ్ళలో ఆ ఉప్పులే కావాలి. మన బోరు నీళ్ళతో పప్పు ఉడకదు, గిన్నెలకి తెల్లగా గార కడతది అని తిట్టుకుంటాం చూడండి, ఆ గట్టి నీళ్ళే వీటికి బలం. కదలకుండా నిలబడి వణకడం చాలాసార్లు నీళ్ళు పడక వచ్చేదే. అట్టా అని ఈ పూటే మొత్తం మార్చేయబాకండి, ఆ తేడాకే చచ్చిపోతాయి. రోజుకి రెండు లీటర్లు తీసి రెండు లీటర్ల బోరు నీళ్ళు పోసుకుంటా వారం పది రోజుల్లో మార్చండి. మునిసిపాలిటీ నీళ్ళయితే క్లోరిన్ ఉంటది కాబట్టి వెడల్పు బకెట్లో పట్టి ఒక రోజు మూత లేకుండా ఉంచి అప్పుడు పోయండి.

ఇంక పిల్లలు. తల్లే తినేసింటది, మిగతావి కూడా తినుంటాయి. దాన్ని తిట్టుకోబాకండి, కళ్ళ ముందు అర అంగుళం కూడా లేంది కదిలితే దానికి అది మేతే, నా బిడ్డ అనే గుర్తు చేపకి ఉండదు. పుట్టిన పిల్ల మాత్రం ఆ నిమిషం నుంచే ఈదతది, దాక్కోవడం దానికి ఎవరూ నేర్పక్కర్లేదు, కాకపోతే దాక్కునే చోటు మనం ఇవ్వాల. గులకరాళ్ళు, ప్లాస్టిక్ పువ్వులు తప్ప ఏమీ లేని తొట్లో అది యాడికి పోద్ది? సగం తొట్టి నిండేటట్టు నాచు వేయండి. జావా మాస్ దొరికితే మంచిది, లేకపోతే మన చెరువుల్లో పెరిగే హైడ్రిల్లా అయినా చాలు. చెరువు నాచయితే రెండు మూడు నీళ్ళు కడిగి, తెల్ల పళ్ళెంలో విదిలించి చూసి మరీ వేయండి, దాంట్లో తూనీగ పిల్లపురుగు ఒక్కటి వచ్చిందంటే తల్లి వదిలేసిన పిల్లల్ని అది మిగల్చదు.

ఆ డబ్బా అంటే నాకు మొదట్నుంచీ పడదు. పొట్టతో ఉన్నదాన్ని నెట్తో పట్టి, తిరగడానికి సందు లేని డబ్బాలో రోజుల తరబడి ఉంచితే బెదురుతది, లోపల నీళ్ళు కూడా సరిగా ఆడవు. మీది చచ్చిపోవడానికి నా అనుమానం క్యాన్ నీళ్ళ మీద ఎంతో దీని మీదా అంతే. తల్లిని కదిలించకుండా ఉన్నచోటే ఈననిచ్చి, ఆ తర్వాత పిల్లల్ని గ్లాసుతో నీళ్ళతో సహా ముంచి, అదే తొట్టి నీళ్ళు పోసిన వేరే టబ్బులో వేసుకోండి. తోక ముందర నల్ల మచ్చ పెద్దదయ్యి, పొట్ట పలకగా తయారైతే దగ్గర పడినట్టు. బతికిన తల్లి నాలుగు వారాలు అటు ఇటుగా మళ్ళా పెడతది, మగది లేకపోయినా పెడతది, ఒకసారి కలిస్తే దాని బీజం నెలల తరబడి లోపల దాచుకుంటది. కాబట్టి నాచు ఇప్పుడే తెచ్చుకోండి, పిల్లోడికి కూడా ఆ మాట చెప్పండి.

ప్రశ్న: మాది కొత్తపట్నం దగ్గర. మోలీ పిల్లలకి ఉడకబెట్టిన గుడ్డు పచ్చసొన వేస్తా ఉంటే నీళ్ళు కంపు కొడతా ఉండాయి. మా బావ రొయ్యల హేచరీలో పని, ఆర్టీమియా గుడ్లు (ఉప్పు నీళ్ళలో పెరిగే బుల్లి రొయ్య లాంటి పురుగువి) కొంచెం తెచ్చిస్తా అన్నాడు. ఎట్టా పొదిగించాలి?

జవాబు: మీ బావ ఉండగా పచ్చసొనతో పనేంది తమ్ముడూ! మన తీరం హేచరీల్లో రొయ్య పిల్లకి పెట్టే మేత మోలీ పిల్లకి కూడా అమృతమే. ఆ గుడ్లు చాలావరకు అమెరికాలోని గ్రేట్ సాల్ట్ లేక్ నుంచి డబ్బాల్లో వస్తాయి, ఖరీదు ఎక్కువ, నీకు అర చెంచా చాలు.

లీటరు నీళ్ళలో 25 గ్రాముల కల్లుప్పు కలుపు. కూల్‌డ్రింక్ సీసా అడుగు కోసి తలకిందులుగా పెట్టి దాంట్లో పోసి, గుడ్లు వేసి, కింద దాకా గాలి గొట్టం దించి గట్టిగా బుడగలు రానీ, దగ్గర్లో లైటు పెట్టు. మన వేడికి 24 గంటల్లో పొదుగుతాయి, చలికాలం ఇంకో అర రోజు. తర్వాత గాలి ఆపి పది నిమిషాలు వదిలితే పెంకులు పైకి తేలతాయి, నారింజ రంగు చుక్కల్లాంటి పిల్లలు కిందకి చేరతాయి. అవి మాత్రమే సన్నటి గొట్టంతో లాగి, పల్చటి బట్టలో వడగట్టి, మంచినీళ్ళతో ఒకసారి కడిగి వేయి. పెంకులు మాత్రం మోలీ పిల్లల తొట్లోకి పోనీయబాక, అవి తింటే అరగక పిల్లల కడుపు బిగుసుకుపోద్ది. పొదిగిన కాసేపటికే పెట్టడం మంచిది, వాటి కడుపులో ఉండే సత్తువ గంట గంటకీ కరిగిపోతా ఉంటది.

పిల్లలకి రోజుకి నాలుగైదుసార్లు కొంచెం కొంచెంగా పెట్టాల, పొట్ట నారింజ రంగులో ఉబ్బి కనపడితే చాలు. అడుగున మిగిలింది పొద్దున, సాయంత్రం గొట్టంతో లాగేయి, రెండు రోజులకోసారి నాలుగో వంతు నీళ్ళు మార్చు. ఫిల్టరు స్పాంజిదే వాడు, మోటరుదయితే పిల్లల్ని లోపలికి లాగేస్తది. తుఫాను రోజుల్లో కరెంటు పోతే మేత పూర్తిగా ఆపేయి, ఒక రోజు తినకపోతే ఏం కాదు, మురిగిన నీళ్ళలో మాత్రం బతకవు.

ప్రశ్న: నాలుగు గప్పీలు వంద దాటాయి అన్నా. దోమలన్నా తింటాయని నెల్లూరు చెరువులో వదిలేద్దామా?

జవాబు: వదలబాకండి, దయచేసి. అది ఈ నేల చేప కాదు, దక్షిణ అమెరికా ఉత్తర భాగం, ట్రినిడాడ్ వైపుది. 1866లో ట్రినిడాడ్ నుంచి నమూనాలు లండన్ మ్యూజియానికి పంపినాయన ఇంటిపేరే దానికి పేరయ్యింది. దోమల కోసం ఊరూరా వదిలిన గంబూసియా చేప కూడా ఇదే కుటుంబం, అది దోమ పిల్లలతో ఆగకుండా మన చిన్న చేపల గుడ్లు, పిల్లల్ని కూడా తింటది. చెరువులో వేసింది మళ్ళా ఏరుకోలేం. ఇంట్లో సిమెంటు తొట్టి ఉంటే దాంట్లో వేసుకోండి, కాలవలోకి పొర్లకుండా చూసుకోండి, మిగతావి అడిగినోళ్ళకి ఇవ్వండి. ఇంక పెరక్కుండా ఉండాలంటే నెల వయసప్పుడే విడదీయాల. పొట్ట కింద రెక్క పుల్లలాగా సన్నబడతా ఉంటే మగది, విసనకర్రలాగా ఉండిపోతే ఆడది. ఇప్పుడున్న ఆడవి మాత్రం వేరు చేసినా కొన్ని నెలలు పెడతానే ఉంటాయి, అందుకే ఆ తొట్లో నాచు తీసేయండి, దాక్కునే చోటు లేకపోతే పుట్టినవాటిని పెద్దవే తినేస్తాయి.