పిట్స్‌బర్గ్ ఇంకా పొగచూరిన ఊరేనా?

మీ అబ్బాయి చదువుకోవడానికి అమెరికాలోని పిట్స్‌బర్గ్ వెళ్తున్నాడని, అది ఇంకా ఉక్కు మిల్లుల పొగలోనే ఉందా అని అడిగారు. నేను అక్కడ నాలుగేళ్లు ఉన్నాను. నగరం నడిబొడ్డున పొగ లేదు. దక్షిణాన మొనాంగహేలా లోయలో మాత్రం ఉక్కు కర్మాగారాలు, ఉక్కు కొలిమికి కావలసిన కోక్ బొగ్గు తయారుచేసే కర్మాగారాలు ఇంకా నడుస్తున్నాయి. గాలి కదలని ఉదయాల్లో ఆ గంధకపు వాసన మా గదిదాకా వచ్చేది. ఉబ్బసం ఉంటే ఈ సంగతి గుర్తుంచుకోండి.

అలెగనీ, మొనాంగహేలా కలిసి ఒహాయో నదిగా మారే చోట ఈ ఊరు పుట్టింది. 1758లో ఫ్రెంచివారు తమ కోటను తగలబెట్టి వెళ్లిపోగా, బ్రిటిష్ సేన ఆ చోటికి తమ దేశ మంత్రి విలియం పిట్ పేరు పెట్టింది. 1764 నాటి చిన్న ఇటుక బురుజు సంగమం దగ్గరి పార్కులో ఇప్పటికీ ఉంది. అక్కడి పెద్ద ఫౌంటెన్‌కు నీళ్లు భూమి అడుగున పారే నీటిపొర నుంచి వస్తాయి. స్థానికులు దాన్ని నాలుగో నది అంటారు. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు నాకు ప్రయాగలోని అంతర్వాహిని సరస్వతి గుర్తుకొచ్చింది.

అయితే ఊరి మనసు తెలియాలంటే పక్కనున్న మిల్లు పట్టణం హోమ్‌స్టెడ్ వెళ్లాలి. 1892లో కార్నెగీ ఉక్కు కంపెనీ కార్మికులను మిల్లు బయటే నిలిపివేసి, పింకర్టన్ అనే ప్రైవేటు సంస్థ సాయుధ ఏజెంట్లను పడవల్లో రప్పించింది. నది ఒడ్డున కాల్పులు జరిగి ఇరువైపులా ప్రాణాలు పోయాయి. ఆ మిల్లు 1986లో మూతపడింది. ఇప్పుడక్కడ దుకాణాల సముదాయం, దాని పక్కన వరుసగా 12 ఇటుక పొగగొట్టాలు. చలికోటు కొనడానికి వెళ్లిన నేను ఆ గొట్టాల కింద చాలాసేపు నిలబడిపోయాను. మా ఇంటి యజమాని తండ్రి ఆ మిల్లులోనే పనిచేశాడట. 1950లో 6,76,000 దాటిన నగర జనాభా 2020 నాటికి 3,03,000కు పడిపోయింది. ఇప్పుడు ఊరిని నిలబెడుతున్నవి ఆసుపత్రులు, విశ్వవిద్యాలయాలు. అది నిజంగా గొప్ప మార్పే. కానీ మిల్లు పట్టణాల్లో చాలా కుటుంబాలకు ఆ ఫలం అందలేదు, బ్రాడక్ వీధుల్లో నడిస్తే అది కనిపిస్తుంది.

అద్దెకు ఇల్లు చూసేటప్పుడు మ్యాపులో దూరం కాదు, ఎత్తు చూడమనండి. కొన్ని వీధులు కాగితం మీదే వీధులు, వెళ్లి చూస్తే మెట్లదారులు. మంచు పడితే వాటి మీద నడవడం కష్టం. నగరంలోని ఓక్లాండ్ పేటలో, పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయపు 42 అంతస్తుల భవనం కేథడ్రల్ ఆఫ్ లెర్నింగ్‌లో నలందా విహారం తీరున కట్టిన భారతీయ తరగతి గది ఉంది, తప్పక చూడమనండి. పెన్ హిల్స్ అనే శివారులో కొండ మీద 1970లలో కట్టిన వేంకటేశ్వరుడి గుడి ఉంది. ఇంటి మీద బెంగ పుట్టిన ఆదివారాల్లో కారున్న స్నేహితులతో అక్కడికి వెళ్లి పులిహోర, పెరుగన్నం తినేవాళ్లం.

విమానాశ్రయం నుంచి కారులో వస్తే ఫోర్ట్ పిట్ సొరంగం దాటేదాకా ఊరు కనిపించదు. బయటపడగానే నదులు, పసుపు వంతెనలు, మేడలు ఒక్కసారిగా ఎదురవుతాయి. ఆ కాసేపు ఫోను పక్కన పెట్టమనండి.