గీతకు ఒక మిల్లీమీటరు లోపలే ఆగు

చిరంజీవి అబ్బాయికి దీవెనలు.

సర్క్యూట్ పనిచేస్తోంది, ఇక డబ్బాలో బిగించడమే మిగిలింది అని రాశావు. ప్లాస్టిక్ డబ్బాలు పాడయ్యేది ఆ మిగిలిన పనిలోనే, అందుకే వివరంగా రాస్తున్నాను.

డబ్బా ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్‌దైతే నీ అదృష్టం. చక్కగా తెగుతుంది, ఆకురాయికి లొంగుతుంది. అద్దంలాంటి మూత యాక్రిలిక్‌దైతే మాత్రం పెళుసు, డ్రిల్లు నొక్కితే అంచు చిట్లుతుంది. దేన్నీ అసిటోన్‌తో తుడవకు. ఏబీఎస్ కరిగిపోతుంది, పాలీకార్బొనేట్, యాక్రిలిక్ పగుళ్లు తేలతాయి. జిడ్డు పోవడానికి సబ్బునీళ్లు చాలు.

గీసే ముందు మూత తీసి లోపల స్క్రూలు దిగే స్తంభాలు ఎక్కడున్నాయో చూడు. బయట బ్రహ్మాండంగా కుదిరిన పాట్ (నాబ్‌తో తిప్పే పొటెన్షియోమీటర్), లోపల స్తంభానికి తగిలి కూర్చోకపోతే ఆ రంధ్రం దండగ. ముఖం మీద మాస్కింగ్ టేప్ అంటించి దానిమీద పెన్సిల్‌తో గీయి. లోపలి వైపు గీస్తే కుడి ఎడమలు తారుమారవుతాయని మరిచిపోకు. ప్రింట్ తీసిన కాగితం అంటించేటట్టయితే స్కేలు పెట్టి కొలువు. పేజీకి సరిపడేలా అన్న సెట్టింగు ఉంటే బొమ్మ కాస్త కుంచించుకుపోతుంది.

రంధ్రం మధ్యలో పంచ్‌తో చిన్న గుంట చెయ్యి, లేకపోతే బిట్టు జారుతుంది. ముందు 3 మి.మీ. రంధ్రం, తర్వాత మెట్లమెట్లుగా ఉండే స్టెప్ బిట్టు. పెద్ద సైజు మామూలు బిట్టు ప్లాస్టిక్‌లోకి స్క్రూలాగా దిగిపోయి డబ్బాను చేతిలోంచి లాక్కుంటుంది, అంచు పగులుతుంది. వెనుక చెక్కముక్క పెట్టి, డబ్బాను బిగించి, నెమ్మది వేగంలో తిప్పు. ముక్కలు పొడిగా రాలుతుంటే సరే. అంచున మెత్తటి ముద్ద పేరుకుంటే ప్లాస్టిక్ కరుగుతోందని అర్థం. ఏబీఎస్ 100 డిగ్రీల సెల్సియస్ దాటగానే మెత్తబడుతుంది, డ్రిల్లు వేడికి అది ఎంతోసేపు పట్టదు.

పాట్ పక్కన చిన్న నాలుకలాంటి రేకు ఉంటే విరిచేయకు. దానికి వేరే చిన్న రంధ్రం చెయ్యి. అది లేకపోతే నాబ్‌తో పాటు పాట్ మొత్తం తిరిగి వైర్లు తెగుతాయి.

అసలు పని డిస్‌ప్లే కిటికీ. మామూలు 16×2 (వరుసకు 16 అక్షరాలు, రెండు వరుసలు) ఎల్‌సీడీ బోర్డు 80×36 మి.మీ. ఉంటుంది, కిటికీలో దూరేది దానిమీది లోహపు చట్రం, సుమారు 71×24. తయారీని బట్టి ఒకటి రెండు మిల్లీమీటర్లు తేడా ఉంటుంది కాబట్టి నీ చేతిలోదాన్ని వెర్నియర్ కాలిపర్‌తో కొలిచి గీయి. నాలుగు మూలల్లో గీతకు లోపల 4 మి.మీ. రంధ్రాలు చేసి, సన్నటి రంపం బ్లేడు దూర్చి, గీతకు ఒక మిల్లీమీటరు లోపలే కోయి. చేతిలో తిరిగే చిన్న కటింగ్ డిస్కుతో గీతదాకా కోయాలని చూడకు. వేగానికి ప్లాస్టిక్ కరిగి వెనుకే అతుక్కుంటుంది, డిస్కు ఒక్కసారి జారితే ముఖం మీద మాయని గాటు పడుతుంది. కళ్లద్దాలు పెట్టుకోకుండా ఏ కోతా మొదలుపెట్టకు.

ఆ మిగిలిన మిల్లీమీటరు ఆకురాయిది. చదును ఆకురాయితో నిలువుగా, పొడవాటి ఊపులతో రుద్దు, మూలలకు మూడంచులది. పళ్లలో ప్లాస్టిక్ పట్టుకుంటే బ్రష్‌తో దులుపు, లేకపోతే కోయడం మాని గీకుతుంది. గీత దగ్గరికి వచ్చాక చట్రం అంచుకు పెన్సిల్ పొడి రాసి కిటికీలో మెల్లగా నొక్కు. ఎక్కడ తగులుతుందో అక్కడ నల్లటి మచ్చ పడుతుంది. ఆ మచ్చను మాత్రమే రుద్ది, మళ్లీ పెట్టి చూడు. నాలుగైదు సార్లకు చట్రం గట్టిగా, సందు లేకుండా కూర్చుంటుంది. తొందరపడి అంతా ఒకేసారి రుద్దేస్తే వచ్చే సందును పూడ్చే మార్గం లేదు.

రంధ్రాల అంచున మిగిలిన పోచలు పెద్ద బిట్టును చేత్తో పట్టుకుని రెండు చుట్లు తిప్పితే పోతాయి. తర్వాత ఇసుక కాగితంతో రుద్దు, 240, 400, 600 నంబర్ల వరుసలో, నీళ్లతో. గరుకు ముఖం ఉన్న డబ్బాకైతే మొత్తం ముఖం రుద్దు, లేదా అసలు ముట్టుకోకు. ఒక్క చోట రుద్దిన మెరుపు ఎప్పటికీ కనిపిస్తుంది.

మూత స్క్రూలు బిగించేటప్పుడు ముందు వెనక్కి తిప్పు. టక్కున చిన్నగా కిందికి దిగినట్టు తెలుస్తుంది, అది పాత మరల్లో పడిన చోటు. అక్కడి నుంచి ముందుకు బిగించు. ప్రతిసారీ కొత్త మరలు కోసుకుంటూ పోతే నాలుగోసారికి స్తంభం నలిగి స్క్రూ వట్టిగా తిరుగుతుంది.

బాబాయి