టో చేసినప్పుడే గేర్‌బాక్స్ ఆయిల్ ఎందుకు కారుతుంది?

ప్రశ్న: రిటైరయ్యాక మేమిద్దరం మోటార్‌హోమ్‌లో (ఇల్లులా ఉండే బండి) అమెరికా తిరుగుతున్నామండీ. వెనకాల 2013 హోండా సీఆర్‌వీ, నాలుగు చక్రాలూ రోడ్డు మీదే ఉండేలా కట్టి లాక్కెళ్తాం, అంటే టో చేస్తాం. ఊళ్లో నడిపితే చుక్క కారదు, లాంగ్ ట్రిప్ వేసి క్యాంప్‌గ్రౌండ్‌లో ఆపితే మాత్రం కింద ఎర్ర మరక. యాక్సిల్ సీల్ (చక్రాన్ని తిప్పే రాడ్ గేర్‌బాక్స్‌లోకి వెళ్లే చోట ఆయిల్ కారకుండా ఆపే రింగు) మార్పించాం, మళ్లీ కారింది, ఇంకోసారి మార్పించినా అదే కథ. ఇప్పుడు మెకానిక్ గేర్‌బాక్స్ దించాలంటున్నాడు, దించమంటారా?
– ఒక పాఠకుడు, టెక్సాస్

జవాబు: అప్పుడే వద్దండీ. మీ కారుకి ఎలక్ట్రిక్ స్టీరింగ్, దానికి ఆయిల్ ఉండదు కాబట్టి ఎర్ర ఆయిలంటే గేర్‌బాక్స్‌దే, అందులో డౌట్ లేదు.

నాకు సీల్ కంటే ఆయిల్ లెవెల్ మీదే అనుమానం. హోండాలో ఇంజిన్ బాగా వేడెక్కాక ఆపేసి, 60 నుంచి 90 సెకన్లలోపు డిప్‌స్టిక్ (ఆయిల్ లెవెల్ కొలిచే పుల్ల) చూడాలి. చాలా కార్లకి ఇంజిన్ రన్నింగ్‌లోనే చూస్తారు కదా, ఆ అలవాటున్న మెకానిక్ దీనికీ అలాగే చూస్తే లెవెల్ తక్కువ కనిపిస్తుంది, ఇంకాస్త పోసేస్తాడు. సీల్ మార్చిన ప్రతిసారీ ఇదే జరిగుండొచ్చు. ఎక్కువైన ఆయిల్ గంటలకొద్దీ గేర్లు తిరిగేసరికి నురగొచ్చి పైనున్న బ్రీదర్‌లోంచి (గేర్‌బాక్స్‌కి గాలి ఆడే రంధ్రం) బయటపడి, కేసింగ్ మీదుగా జారి యాక్సిల్ దగ్గరకొచ్చి ఆగుతుంది, చూసినవాడికి సీలే పోయినట్టుంటుంది మరి.

అందుకే ముందు లెవెల్ సరిచేయించి, కిందంతా డిగ్రీజర్‌తో కడిగించి, ఆయిల్‌లో యూవీ డై (యూవీ లైట్ వేస్తే మెరిసే రంగు) కలిపించండి. ఒక రోజు టో చేశాక యూవీ లైట్ వేసి కింద నుంచి కాదు, పై నుంచి చూడమనండి, అన్నిటికంటే పైన ఎక్కడ తడిగా ఉందో లీకు అక్కడే. నిజంగా సీల్ దగ్గరే మొదలైతే యాక్సిల్ ఊడదీసి, సీల్ ఆనే చోట గోరుతో గీసి చూడాలి, గోరు పట్టేంత గాడి పడి ఉంటే ఎన్ని కొత్త సీళ్లేసినా దండగ, యాక్సిలే మార్చాలి. డ్రెయిన్ బోల్ట్ (పాత ఆయిల్ వదిలే బోల్ట్) వాషర్ పాతదే మళ్లీ వేశారేమో కూడా అడగండి.

ఇక మీ వైపు నుంచి ఒకటుంది. ఇంజిన్ ఆపితే గేర్‌బాక్స్ పంప్ ఆగిపోతుంది, చక్రాలు మాత్రం లోపలి గేర్లని తిప్పుతూనే ఉంటాయి. 2014 దాకా వచ్చిన సీఆర్‌వీలకి హోండా టోకి ఒప్పుకుంది, 2015లో సీవీటీ (విడివిడి గేర్లు లేని ఆటోమేటిక్ గేర్‌బాక్స్) వచ్చాక అదీ లేదు. ఒప్పుకున్నది కూడా ఒక పద్ధతి మీదే: ఇంజిన్ స్టార్ట్ చేసి, బ్రేక్ తొక్కి గేర్లన్నీ మార్చి, డీలో (డ్రైవ్) 5 సెకన్లు ఉంచి న్యూట్రల్‌కి తెచ్చి, 3 నిమిషాలు రన్నింగ్‌లో ఉంచి అప్పుడు ఆపాలి. రివర్స్ నుంచి నేరుగా న్యూట్రల్‌కి తెచ్చి కడితే గేర్‌బాక్స్ పోతుంది. స్పీడ్ 65 మైళ్లు దాటకూడదు, 8 గంటలు దాటితే ఇదంతా మళ్లీ చేయాలి, భోజనానికి ఆగినప్పుడు చేసేస్తే సరిపోతుంది.

ఈలోగా ట్రిప్ తప్పదనుకుంటే కారు కట్టకండి, లెవెల్ చూసుకుని ఇద్దరిలో ఒకరు నడుపుకుంటూ రండి, మామూలుగా నడిపితే కారట్లేదన్నారు కదా.