అబ్సిడియన్ నోట్స్‌లో బొమ్మలు గీయడానికి దారి ఉంది

టైప్ చేసిన నోట్స్ మధ్యలో సర్క్యూట్ బొమ్మలు గీయడం కుదరక, కాగితం మీద గీసి ఫోటో తీసి అతికిస్తున్నానని రాశారు. మీరు వాడేది అబ్సిడియన్ అనే నోట్స్ యాప్ కాబట్టి యాప్ మార్చే పని లేదండీ.

సెట్టింగ్స్‌లో కమ్యూనిటీ ప్లగిన్స్ (యాప్‌కు అదనపు సౌకర్యాలు జోడించేవి) తెరిచి, బొమ్మలు గీసే ప్లగిన్ ఎక్స్‌కాలిడ్రా కోసం వెతికి ఇన్‌స్టాల్ చేయండి. ఆ తర్వాత ఎనేబుల్ నొక్కడం మరిచిపోవద్దు. ఇక కంట్రోల్, పీ కలిపి నొక్కి అదే పేరు కొడితే, కొత్త బొమ్మ తెరిచి ప్రస్తుత నోట్‌లోనే చేర్చే కమాండ్ కనిపిస్తుంది.

అసలు జాగ్రత్త ఇక్కడుంది. బొమ్మ ఆ ప్లగిన్ సొంత పద్ధతిలో సేవ్ అవుతుంది. రేపు ప్లగిన్ తీసేస్తే బొమ్మ ఉండాల్సిన చోట అర్థంకాని అక్షరాలే మిగులుతాయి. అందుకే ప్రతి బొమ్మకూ ఎస్వీజీ అనే రకం బొమ్మ ఫైల్‌ను దానంతటదే విడిగా సేవ్ చేసే ఎస్వీజీ ఆటో ఎక్స్‌పోర్ట్‌ను ప్లగిన్ సెట్టింగ్స్‌లో ఈరోజే ఆన్ చేయండి. ఎస్వీజీ ఫైల్ ఏ బ్రౌజర్‌లోనైనా తెరుచుకుంటుంది, ఎంత పెద్దది చేసినా గీత చెదరదు.

రెసిస్టర్, కెపాసిటర్ లాంటివి ఒక్కసారి గీసి లైబ్రరీలో చేర్చుకోండి, మళ్లీ మళ్లీ గీయక్కర్లేదు. మౌస్‌తో చెయ్యి నొప్పి పుడుతుంది. మీరు హైదరాబాద్‌లోనే కాబట్టి, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ దుకాణాల సముదాయం సీటీసీకి వెళ్లి, పెన్ టాబ్లెట్ మీద నాలుగు గీతలు గీసి చూశాకే కొనండి.