ట్రే కొలత పెరిగితే ముందు పట్టీ వంచి చూడండి

2 మి.మీ. షీటుతో చేసిన ట్రే అడుగు 200 మి.మీ. రావలసింది 203 దాటిందనీ, మూల 90 డిగ్రీలకు బదులు 92 దగ్గర ఆగిందనీ, ప్రెస్ బ్రేక్ (షీటు వంచే యంత్రం) పాతబడిందేమోననీ అడిగారు. గాజువాక ఆటోనగర్‌లో పదకొండేళ్లుగా ఈ పనే చేస్తున్నాను. నాకు యంత్రం మీద అనుమానం లేదు, కత్తిరించిన లెక్క మీదే ఉంది.

మీరు ఒక అంచు 40, అడుగు 200, రెండో అంచు 40 కలిపి 280కి కత్తిరించి ఉంటారు. వంగేటప్పుడు షీటు బయటి వైపు సాగుతుంది కాబట్టి ప్రతి బెండుకూ కొంత తగ్గించాలి. ఎంత అన్నది ఎవరి పట్టికలోనూ చూడకండి. అదే షీటులోంచి, ట్రే వంగే దిశలోనే, రోలింగ్ గీతలు చూసుకుని సరిగ్గా 100 మి.మీ. పట్టీ కత్తిరించండి. అదే డైలో (షీటు కింద ఉండే గాడి అచ్చు) నడిమధ్య 90కి వంచి, రెండు కాళ్లనూ బయటి నుంచి వెర్నియర్‌తో కొలవండి. గాడి వెడల్పు 16 మి.మీ. ఉన్న వీ డైలో నాకు ఎం.ఎస్. (మైల్డ్ స్టీల్) షీటుకు 51.8 చొప్పున వస్తుంది, మొత్తం 103.6. ఆ పెరిగిన 3.6 ఒక బెండు తగ్గింపు. మీకు రెండు బెండ్లు, కాబట్టి 272.8కి కత్తిరించాలి. బ్యాక్ గేజ్ (షీటు అంచు వెనక ఆనే ఆపు) కూడా 40 దగ్గర కాదు, సగం తగ్గింపు 1.8 తీసేసి 38.2 దగ్గర ఉండాలి. చాలామంది మరిచేది ఇదే.

ఇక మూల సంగతి. పంచ్ (పైనుంచి నొక్కే పనిముట్టు) లేవగానే షీటు కాస్త విచ్చుకుంటుంది, అందుకే 90 కంటే కాస్త తక్కువ కోణానికి వంచాలి. ఆ డైలో ఒక డిగ్రీ మార్పుకు పంచ్ 0.14 మి.మీ. దిగితే చాలు, కనుక తొందరపడి దించకండి. మూలమట్టం రెండు చివరలా, మధ్యలోనూ పెట్టి చూడండి. చివరలు సరిగా ఉండి మధ్యలో మాత్రమే విచ్చుకుంటే అప్పుడు యంత్రం బెడ్ వంగుతోందని అర్థం.

స్టెయిన్‌లెస్ ఇంకా ఎక్కువ విచ్చుకుంటుంది. మొదట్లో ఒక హోటల్ పనికి ఎం.ఎస్. లెక్కే వాడి పన్నెండు ట్రేలు పాడుచేశాను. ఆ సాయంత్రం నుంచి వంచిన ప్రతి పట్టీనీ దాచుకుంటున్నాను. మందం, డై, తగ్గింపు సూదితో గీసి, యంత్రం పక్కన తీగకు గుచ్చుతాను. మార్కరుతో రాస్తే మన సముద్రపు గాలికి తుప్పు పట్టి అంకెలు కనబడవు.