చిట్టా ఆవర్జా: పాత కొట్ల మీద మీ ప్రశ్నలు, ఓ గుమస్తా జవాబులు

కాకినాడలో ఒక టోకు కిరాణా కొట్లో ముప్పై ఏడేళ్ళు గుమస్తాగిరీ చేశాను. 1969లో పదహారేళ్ళప్పుడు చేరి, 2006లో కొట్టు మూసేసిన రోజున బయటికొచ్చాను. పాత కొట్ల గురించి అడగండి, తెలిసింది చెబుతానని పోయిన సంచికలో అన్నందుకు సంచీడు ఉత్తరాలొచ్చాయి. ఐదింటికి ఈసారి జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మమ్మగారిది ఎదుర్లంక పక్క ఊరు. చిన్నప్పుడు కాకినాడ నుంచి వెళ్తే యానాంలో బస్సు దిగి, ఏరు దాటించే పంటు ఎక్కేవాళ్ళం. ఎదుర్లంక రేవులో కాఫీ హోటలు, రిబ్బన్లూ గాజులూ అమ్మే బడ్డీ, కిళ్ళీ కొట్లు వరసగా ఉండేవి. మొన్న సంక్రాంతికి పిల్లలకి చూపిద్దామని తీసుకెళ్తే ఆనవాలు కూడా లేదు. అంతమందీ ఒక్కసారే ఎలా పోయారండీ?
– ఓ పాఠకురాలు, హైదరాబాదు

జవాబు: అమ్మా, ఆ గాజుల బడ్డీ నాకు బాగా తెలుసు. ఆ రేవు కొట్లకి పంచదార, టీ పొడి, బిస్కెట్లు మా దగ్గర్నుంచే వెళ్ళేవి. నెలకోసారి వసూళ్ళకి వెళ్ళేవాణ్ణి. వాళ్ళు ఏ సంవత్సరం పోయారో కూడా చెప్పగలను. 2002లో యానాం, ఎదుర్లంకల మధ్య గౌతమి మీద వంతెన పడింది. లోక్‌సభ స్పీకరుగా చేసిన బాలయోగిగారి పేరు పెట్టారు. రేవు సంగతి ఆ ఏటితో సరి.

వంతెన పడితే కొట్లెందుకు పోవాలంటారేమో. ఆ రేవుకి సరుకు కొందామని వచ్చినవాడు ఒక్కడూ లేడమ్మా. అందరూ కాచుకోడానికి వచ్చినవాళ్ళే. పంటు అవతలి ఒడ్డున ఉంటే అరగంట, ఏరు పాటు మీద ఉండి ఇసక మేటలు తేలితే పంటు చుట్టు తిరిగి రావాలి కాబట్టి ముప్పావు గంట. ఆ ముప్పావు గంటలో మగవాళ్ళు టీ తాగుతారు, పిల్లలు బిస్కెట్టు కోసం పేచీ పెడతారు, అమ్మలు ఊరుకోలేక రిబ్బన్ల వైపు చూస్తారు. వ్యాపారమంతా ఆ కాచుకోడంలో ఉంది.

మీరన్న కాఫీ హోటలాయన దగ్గర నేను కళ్ళారా చూసిన సంగతొకటి చెబుతాను. పొయ్యి దగ్గర నుంచుంటే ఏరు కనపడేలా పాకకి ఒక పక్క తడిక తీసేశాడు. పంటు యానాం ఒడ్డు విడిస్తే మూకుడు కింద మంట పెంచేవాడు. నడి ఏట్లోకొచ్చాక అరటికాయ బజ్జీలు నూనెలో వదిలేవాడు. పంటు ఒడ్డు తగిలి చెక్క దించేసరికి బజ్జీలు సిబ్బిలోకి వచ్చేవి. గడియారం లేదు, దాంతో పనీ లేదు. ఒకరోజు పంటు నడి ఏట్లో ఇంజను ఆగి నిలబడిపోతే, వేసిన వాయి మాడిపోతోందని ఈయన ఒడ్డు మీద నుంచి తిట్లు లంకించుకున్నాడు.

వంతెన తెరిచాక ఆయన వంతెన దిగే చోట పాక వేశాడు. తెలివైన పనే అనుకున్నాం. కానీ బస్సు అక్కడెందుకు ఆగుతుంది? ఏడాది చూసి, బాయిలరు అమ్మేసి, కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. మాకు రావలసిన పదకొండు వందలూ మాత్రం తీర్చే వెళ్ళాడు.

వంతెనని తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. రాత్రి పంటు ఆగిపోయాక నొప్పులొచ్చిన ఆడమనిషిని రేవులో మంచం మీద పడుకోబెట్టుకుని తెల్లారేదాకా కూర్చున్న కుటుంబాన్ని నేను చూశాను. పిల్లలకి పంటు చూపించాలంటే కోటిపల్లి నుంచి ముక్తేశ్వరం వెళ్ళే రేవుందిగా, నరసాపురం నుంచి సఖినేటిపల్లి రేవుందిగా. అక్కడ కూడా వంతెన మాట ఎప్పటికప్పుడు వినపడుతూనే ఉంది, వాయిదా వెయ్యకండి.

ప్రశ్న: మా నాయనమ్మ సామాన్లలో ఇత్తడి సోల, గిద్ద దొరికాయి. వీటితో కొట్లో నిజంగా అమ్మేవారా? లెక్క ఎలాగండీ?
– ఓ పాఠకుడు, రామచంద్రపురం

జవాబు: లెక్క సులువే. నాలుగు గిద్దలు ఒక సోల. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. కుంచానికి పదహారు సోలలన్నమాట. కిలోల తూకం ప్రభుత్వం 1958 అక్టోబరు నుంచి మొదలుపెట్టింది. నేను చేరేనాటికి కాటా మీద కిలో రాళ్ళే ఉన్నాయి. అయినా ముందువైపు చిల్లర బల్ల మీద ఉప్పు, మరమరాలు, అటుకులు సోలతోనే పోయేవి.

కొలిచేటప్పుడు మొదటిదాన్ని ఒకటి అనకూడదు, "లాభం" అనాలి. లాభం, రెండు, మూడు... ఇలా పైకి పాటలా అనాలి. షావుకారుగారు లోపల పూజలో ఉన్నా చెవి ఇటే ఉండేది. మర్చిపోయి ఒకటి అన్నానో, గంట మోత ఆగిపోయేది.

ఇక మీ నాయనమ్మగారు చెప్పి ఉండని సంగతి. సోలని ఎలా పట్టుకోవాలో నాకు పెద్ద గుమస్తా నేర్పాడు. నాలుగు వేళ్ళు బయట, బొటనవేలు లోపల. వేలు పట్టినంత సరుకు మిగులు. చూసేవాళ్ళకి పట్టు కోసం అలా పట్టుకున్నట్టే ఉంటుంది. సిగ్గుపడుతూనే రాస్తున్నాను, ఓ రెండేళ్ళు నేనూ అలాగే కొలిచాను. జగన్నాథపురం నుంచి ఒక ముసలావిడ వచ్చేది. ఒకరోజు అటుకులు కొలుస్తుంటే నా మణికట్టు పట్టుకుని, "వేలు తీసి కొలువు నాయనా, నీ వేలు నేను తాలింపు వేసుకోలేను" అంది. కొట్లో ఉన్న పదిమందీ ఘొల్లుమన్నారు. ఆ తరవాత సోల అడుగున పట్టుకుని కొలవడం అలవాటైంది.

ప్రశ్న: మా తాతగారూ మీరూ ఒకటే పాట. పాత కొట్లు, పాత మనుషులు! ఇప్పుడు ప్యాకెట్ మీద ధర ఉంటుంది, తూకంలో మోసం లేదు, ఏసీలో కొనుక్కోవచ్చు. అప్పటికన్నా ఇదే బాగుంది కదా, ఒప్పుకోడానికి మీకేంటి టెన్షన్?
– ఓ ఇంజనీరింగ్ విద్యార్థి, భీమవరం

జవాబు: టెన్షనేం లేదు బాబూ, పైన బొటనవేలి సంగతి చదివే ఉంటావు. ధర అచ్చేసిన ప్యాకెట్ రావడం మంచిదే. మా కొట్లో మనిషిని చూసి ధర చెప్పిన రోజులున్నాయి. వాకిట్లో చెప్పులు విడిచి దూరంగా నుంచున్నవాడికి చిల్లర చేతికివ్వకుండా బల్ల మీద పెట్టిన రోజులూ ఉన్నాయి. అవి పోయినందుకు నేనేం ఏడవను.

ఒక్క అప్పు విషయం మాత్రం చెబుతాను. మా కొట్లో రెండు పుస్తకాలుండేవి. ఏ రోజు బేరం ఆ రోజు రాసేది చిట్టా. దాన్ని మనిషి మనిషికీ విడదీసి ఎక్కించేది ఆవర్జా. ఆవర్జాలో ఒక ఇంటి పేజీ తీస్తే ఆ ఇంట్లో ఏం జరుగుతోందో తెలిసిపోయేది. ఉన్నట్టుండి బెల్లం, నువ్వులు ఎక్కువయ్యాయంటే పిల్ల పెద్దమనిషైంది. నూనె తగ్గిందంటే మగవాడికి పని లేదు. అలాంటప్పుడు వసూలుకి వెళ్ళొద్దని షావుకారుగారు కళ్ళతోనే చెప్పేవారు. అది దయో, ఒత్తిడి చేస్తే మొదలే పోతుందన్న లెక్కో నాకు ఇప్పటికీ తేలలేదు.

1986 ఆగస్టు గోదావరి వరద నువ్వు పుట్టకముందు మాట. ధవళేశ్వరం దగ్గర నీళ్ళు 35 లక్షల క్యూసెక్కులు దాటాయి. గట్లు తెగాయి, ఏటి మధ్య లంకలు మునిగాయి. మా దగ్గర సరుకు తీసుకునే ఒక లంక కొట్టాయనది సరుకంతా పోయింది. నీళ్ళు తీశాక నేను వెళ్ళేసరికి ఆయన రెండు కొబ్బరి చెట్ల మధ్య తాడు కట్టి, ఆవర్జా కుట్లు విప్పి కాగితాలు ఒక్కొక్కటే ఆరేస్తున్నాడు. పట్టుకుంటే పేజీలు రొట్టెలా చేతికొస్తున్నాయి. సిరాతో రాసినవన్నీ నీలం మరకలు. పెన్సిలుతో రాసినవి మాత్రం చెక్కు చెదరలేదు. పెళ్ళాం తరచూ పెన్సిలుతో రాసేదట, పద్ధతి కాదని ఈయన ఆవిణ్ణి కసిరేవాడట. ఆ పూట కూడా కసురుతూనే ఉన్నాడు, కాగితాలు అందించడం ఆలస్యమైందని.

సిరా పద్దుల వాళ్ళు వచ్చి తమ బాకీ తామే చెప్పారా అంటే, కొందరు చెప్పారు. సగానికి తక్కువే. ఇల్లే కొట్టుకుపోయినవాడు ఏం చెబుతాడు? అయినా ఆ ఏడు దీపావళికి ఆయన కొట్టు మళ్ళీ తెరిచాడు. మేం సరుకు అప్పు మీద వేశాం. నీ ఏసీ కొట్లో అంతా బాగుంటుంది బాబూ, డబ్బు లేని రోజున ఒక్కసారి వెళ్ళి చూడు.

ప్రశ్న: పోయినవాటి గోలేనా? పోనిదేదైనా, పోయి తిరిగొచ్చినదేదైనా చెప్పండి.
– ఓ పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: పోనిది మీ ఊళ్ళోనే పెట్టుకుని నన్నడుగుతారేమండీ! రత్నం పెన్నులు మీవే కదా. విదేశీ కలాలకి బదులు వాడుకోవచ్చని గాంధీగారు 1935లో వార్ధా నుంచి ఉత్తరం రాసింది ఆ పెన్ను గురించే. మా షావుకారుగారి జేబులో అదే ఉండేది. నేను అడిగితే ఇచ్చేవారు కాదు, చెయ్యి మారితే పాళీ పాడవుతుందట. అటు రామచంద్రపురం ఆర్టోస్ కూల్‌డ్రింకు కూడా ఉంది. పెద్ద కంపెనీల సీసాలన్నీ వచ్చినా, ఇటు పెళ్ళిళ్ళలో ఆ సీసా ఇంకా కనిపిస్తోంది.

తిరిగొచ్చినదంటే కాకినాడ, కోటిపల్లి రైలు. 1928లో వేశారు, రెండో ప్రపంచ యుద్ధానికి ఇనుము కావాలని 1940లో పట్టాలు పీక్కుపోయారు. మళ్ళీ రైలు నడిచింది 2004లో. అరవై నాలుగేళ్ళు! మా నాన్న చిన్నప్పుడు ఎక్కాడట, నేను ముసలితనానికి దగ్గరపడ్డాక ఎక్కాను. మధ్య స్టేషన్లలో దిగి చూశాను, టీ కొట్టు కనపడుతుందేమోనని. రైలొచ్చింది గానీ ఆ దారిన జనం లేరు. బస్సుకి అలవాటు పడిపోయారు. టీ మళ్ళీ కాకినాడ వచ్చే తాగాను.

ప్రశ్న: ఇంతకీ మీ కొట్టు ఏమైందండీ? ఇప్పుడక్కడ ఏముంది?
– ఓ పాఠకురాలు, కాకినాడ

జవాబు: పెద్ద బజార్లు వచ్చి మూతపడిందని అందరూ అనుకుంటారు. అవి రాకముందే మా పని అయిపోయింది. షావుకారుగారు పోయాక ముగ్గురు కొడుకులకి వాటాలు తెగలేదు. నెలంతా కిరాణా నడిపితే వచ్చేదానికన్నా ముందుగది అద్దె ఎక్కువ పలుకుతోందని తేలింది. కాటా, డబ్బాలు పాత ఇనుముకి పోయాయి. ఆవర్జాలు ఒక లారీ మూల కట్టి తీసుకుపోయారు. నేను అడగలేదు. అడగాల్సింది.

ఇప్పుడక్కడ సెల్‌ఫోన్ల కొట్టుంది. పెంకులు తీసి స్లాబు వేశారు. మాది చెక్క పలకల తలుపు, మొత్తం పదకొండు పలకలు. ఒక్కోదాని మీద కొలిమి కాల్పుతో అంకె వేసి ఉండేది. పొద్దున వరసగా తియ్యాలి, రాత్రి వరసగా పెట్టాలి. ఏడో పలక వానాకాలం ఉబ్బి గాడిలో దిగేది కాదు, రాయి పెట్టి కొట్టేవాణ్ణి. ఇప్పుడు షట్టరు వచ్చింది. గడప రాయి మాత్రం పాతదే, దాంట్లో పలకలు కూర్చునే గాడి అలాగే ఉంది.

పోయిన నెల ఫోనుకి గాజు అతికించుకోడానికి వెళ్ళి ఆ గాడి దగ్గరే ఆగిపోయాను. కొట్లో కుర్రాడు ఏదైనా పడిపోయిందా తాతగారూ అని అడిగాడు. పలకల సంగతంతా చెప్పాను, ఏడో దానితో సహా. శ్రద్ధగానే విన్నాడు. "ఓహో, నేను వైరు కోసం కొట్టించారనుకున్నానండి" అన్నాడు. చూస్తే నిజమే, బయట మెరిసే బోర్డుకి కరెంటు వైరు ఆ గాడిలోంచే వెళ్తోంది.